చక్రాలు లేని బండి

శ్రీనగరు నుండి పడమటగా గుల్మర్గుకు పోయే బాట టంగ్‌మర్గు అనే చిన్న బస్తీ దగ్గర చదును నేలను విడిచి కొండ నెక్కుతుంది. అక్కడి నుండి గుల్మర్గు 13 కిలోమీటర్లు. దారి పొడుగునా దేవదారులు, కైల్ చెట్లు. మలుపు మీద మలుపు. మంచు పడిన దినాలలో యాత్రికుల మోటార్లు ఈ బస్తీలో ఆగి, చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టించుకొని గాని పైకి సాగవు. ఆ గొలుసుల సందడికి కొంచెం ఎడంగా, ఒక అక్రోటు చెట్టు పక్కన, రేకుల కప్పు వేసిన వడ్రంగి కొట్టు ఒకటి ఉన్నది. దానికి పేరు రాసిన పలక లేదు. గోడకు ఆనించి నిలబెట్టిన చక్రాలు లేని బండ్లే దానికి చిరునామా.

ఆ వస్తువుకు తెలుగులో పేరు లేదు. ఉండవలసిన అవసరం ఏనాడూ కలగలేదు. హిందీవారు దానిని 'బర్ఫ్‌గాడీ' అంటే, తెలుగు చేసేవారు 'మంచుబండి' అని సరిపెట్టుకొంటారు. పని గడిచే మాటే గాని దానిలో రెండు సగాలూ తిన్నగా లేవు. 'బండి' అనగానే తెలుగువాని కంటికి మొదట చక్రమే కనబడుతుంది. ఇరుసు, ఆకులు, కమ్మి చప్పుడు అన్నీ ఆ వెనుకనే వస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. 'మంచు' అన్న మాట మరింత ఇరకాటం. గడ్డిపరక కొసన నిలిచే బిందువూ మంచే, ధనుర్మాసపు తెల్లవారుజామున ఊరిని కమ్మే పొగా మంచే, హిమాలయాన్ని కప్పేదీ మంచే. మూడింటినీ ఒక్క మాటతో ముగించగలగడం వెచ్చని దేశాలవారి అదృష్టం. కాశ్మీరీ భాషకు ఆ వెసులుబాటు లేదు. ఆకాశం నుండి రాలేది 'షీన్', గడ్డకట్టినది 'యఖ్'. కొట్టులో మాత్రం బండిని 'స్లెజ్' అనే అంటారు. ఇంగ్లీషువారు గుల్మర్గును వేసవి విడిదిగా చేసుకొని, 1927లో అక్కడ మంచుమీద జారే క్రీడకు ఒక సంఘం కూడా పెట్టి, చివరకు వెళ్లిపోతూ వదిలిపోయిన మాటలలో అదొకటి.

కొట్టు యజమానిని ఊరంతా ఉస్తాద్ అంటుంది. అరవై దాటిన మనిషి. వసంతం మొదలు శరత్తు దాకా ఆయన చేసేవి కిటికీలు, తలుపులు, పెట్టెలు. వయసులో ఉన్నప్పుడు, చిన్న చిన్న చెక్కముక్కలను మేకు లేకుండా కలిపి ఇంటికప్పుకు లోపలివైపున పరిచే ఖతంబంద్ పని కూడా చేసేవాడు. తెలుగునాట కార్తీక దీపాలు వెలిగే రోజులకు అక్కడి తోటలలో ఆపిల్ పండ్లు దిగిపోతాయి. చినారు ఆకులు ఎర్రబడి రాలుతాయి. అప్పుడు కొట్టులో కిటికీలు మూలకు చేరి, మంచుబండ్లు మధ్యకు వస్తాయి. తండ్రీ కొడుకులు ఇద్దరూ కూర్చుంటే ఒక బండికి రెండు రోజులు పడుతుంది. యంత్రపు రంపం ఉంటే అదే రెండు రోజులలో ఇంకెన్నో చేయవచ్చునని కొడుకు అప్పుడప్పుడు అంటూ ఉంటాడు. తండ్రి వినిపించుకోడు, విన్నా, విన్నట్టు కనిపించడు.

చూపుకు బండి నిర్మాణంలో రహస్యమేమీ లేదు. గజానికి కొంచెం పైన పొడవు గల రెండు పట్టెలు, వాటి ముక్కులు ముందువైపున పైకి లేచి ఉంటాయి. పట్టెల మీద పొట్టి నిలువు కర్రలు. వాటిని కలిపే అడ్డుకర్రలు. పైన కూర్చునేందుకు పలకలు. ముందు ఒక తాడు. పట్టెల అడుగున సన్నని ఇనుపపట్టీ. అయిదేళ్ల పిల్లవాడు సైతం దీని బొమ్మ గీయగలడు. కాని ఉస్తాద్ పని కర్ర కోయడంతో కాక, కర్ర వెదకడంతో మొదలవుతుంది.

మంచు కురిసే వాలుమీద మొలిచిన చెట్టు తిన్నగా పెరగదు. లేత వయసులో ఏటేటా మంచు తన బరువుతో కిందికి జరుగుతూ మొక్కను వంచుతుంది. మొక్క మళ్లీ వెలుతురు వైపు లేస్తుంది. ఈ పెనుగులాట కొన్నేళ్లు సాగి, కాండం మొదట్లో ఒక వంపు శాశ్వతంగా నిలిచిపోతుంది. ఇల్లు కట్టేవారికి ఆ ముక్క పనికిరాదు. కలప అడితిలో దానిని కోసి పక్కన పారవేస్తారు. ఉస్తాద్ అడితికి పోతే తిన్నని దుంగల వైపు చూడనైనా చూడడు. ఆ పారవేసిన కుప్ప దగ్గర చతికిలబడి ఒక్కొక్క ముక్కనే తిప్పి తిప్పి చూస్తాడు. అడితివానికి ఇదొక వినోదం. "ఉస్తాద్, వంకరవన్నీ నీ పేరనే పెట్టాను" అని వేళాకోళం చేస్తాడు.

తిన్నని పలకలోనే ముక్కును వంపుగా కోసుకోవచ్చు గదా అనిపిస్తుంది. చాలామంది చేసేది అదే. కాని అలా కోస్తే వంపు దగ్గర కర్ర పోగులు అడ్డంగా తెగుతాయి. మంచు చాటున ఉన్న మొదటి రాయి తగలగానే బండి అక్కడనే విరుగుతుంది. చెట్టే వంచి ఇచ్చిన కర్రలో పోగు ముక్కు కొస దాకా తెగకుండా సాగుతుంది. ఆల్ప్స్ కొండలలో గడ్డిని, కట్టెలను దించుకొనే రైతులు కూడా పూర్వం తమ బండ్లకు ఇటువంటి పుట్టువంపు కర్రనే ఏరుకొనేవారు. కర్రకు ఆవిరి పట్టి వంచడం మరొక దారి. తెలుగు పల్లె వడ్రంగి ఈ మాట వింటే ఆశ్చర్యపోడు. నాగలి కోసం తుమ్మచెట్టు చుట్టూ తిరిగి, వంపు తిరిగిన కొమ్మను ముందే కన్నేసి ఉంచుకొన్న చేయి అతనిది.

కర్ర దొరికిన తరువాత బాడిస, ఉలి, చిత్రిక. చిత్రిక పడుతుంటే పేళ్లు చుట్టలు చుట్టలుగా ఉస్తాద్ ఒడిలో పడతాయి. ఆయన తొడుక్కొన్న ఫెరన్ నిండా కైల్ కర్ర వాసన. ఫెరన్ లోపల, పొట్ట దగ్గర, నిప్పుల కాంగ్డీ. చెక్కపేళ్ల నడుమ నిప్పు పెట్టుకొని కూర్చోవడం కొత్తగా చూసేవారికి గుండెలు అదిరే పని. అక్కడివారు దానిని గుర్తుంచుకోనే గుర్తుంచుకోరు.

పట్టెకు రంధ్రం తొలిచి నిలువు కర్ర కొనను అందులో దించేటప్పుడు ఉస్తాద్ ఒక విచిత్రం చేస్తాడు. కిటికీకి గాలి దూరనంత బిగువుగా కర్రలు కూర్చే మనిషి, ఇక్కడ కాగితం దూరేటంత సందు విడుస్తాడు. పని నేర్చుకొనేవారికి ఇది తప్పుగా తోస్తుంది. మంచు పైకి పరుపువలె కనిపించినా కింద గుంటలూ గడ్డలూ దాగి ఉంటాయి. ఒక పట్టె గడ్డ నెక్కిన క్షణంలో రెండవ పట్టె గుంటలో ఉంటుంది. బండి బిర్రబిగిసి ఉంటే ఆ మెలిక అంతా ఒక్క అతుకు మీద పడి అది పగులుతుంది. కొంచెం కదలనిస్తే బండి ఒళ్లు తిప్పుకొంటూ నేలను అనుసరించి పోతుంది. ధ్రువప్రాంతపు ఇన్యూట్ జనులు తమ బండ్లకు మేకులు కొట్టక తోలుతాళ్లతో కట్టినదీ, 1888లో గ్రీన్లండును దాటిన నాన్సెన్ తన బండ్లను కట్లతో కూర్పించినదీ ఇందుకే. ఉస్తాద్‌కు నాన్సెన్ ఎవరో తెలియదు. "కిటికీ కదిలితే తప్పు, ఇది కదలకపోతే తప్పు" అని మాత్రం కొడుకుతో అంటాడు.

ఇనుపపట్టీ పని ఇంకా సున్నితం. పట్టె అడుగు గీత గీసినట్టు సమంగా ఉండదు. మధ్య కాస్త దిగి, రెండు కొసలూ వెంట్రుకవాసి లేచి ఉంటాయి. అందువలన బండిని మలుపు తిప్పడం తేలిక. పట్టీని బిగించిన మేకుల తలలు లోపలికి దిగేటట్టు కొట్టి, ఆకురాయితో రుద్ది, చివరకు ఉస్తాద్ కళ్లు మూసుకొని బొటనవ్రేలితో ఈ కొస నుండి ఆ కొసకు తడుముతాడు. వ్రేలికి ఏదైనా తగిలిందా, మళ్లీ ఆకురాయి.

మంచుమీద ఇనుము ఎందుకు జారుతుందన్నది చిన్న ప్రశ్న కాదు. గడ్డకట్టిన మంచు పైన కూడా నీటివంటి పలుచని పొర ఒకటి ఉంటుందని 1850లో ఫారడే భావించాడు. రాపిడి వేడికి పుట్టే నీటిపొర మీదనే వస్తువు జారుతుందని 1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రజ్ఞులు వాదించారు. ఏది ఎంతవరకు అన్న విచారణ ఆ తరువాత కూడా నడుస్తూనే వచ్చింది. లాగేవారికి తెలిసిన సంగతి ఇంతే: చలి మరీ ముదిరితే మంచు ఇసుకవలె పట్టుకొంటుంది, మరీ వెచ్చబడితే తడిసి పట్టీకి అంటుకొంటుంది. 1912లో దక్షిణధ్రువం నుండి తిరుగుదారిలో, తమ బండ్లను తామే ఈడ్చుకొంటూ వచ్చిన స్కాట్ బృందానికి ఆ ఇసుకవంటి మంచు కూడా ఒక శత్రువయింది. ఉస్తాద్ దీనిని చెవితో గుర్తిస్తాడు. బాగా జారే బండి పట్టుచీర చెంగు నేలమీద జీరాడినట్లు సన్నని సద్దు చేస్తుంది. పట్టే బండి గరగర లాడుతుంది.

ఇంత శ్రద్ధా ఎవరికోసమంటే, కూర్చునేవానికోసం కాదు. బండిని ఇద్దరు చూస్తారు. డబ్బిచ్చి ఎక్కే యాత్రికుడు దానిని పైనుండి చూస్తాడు: ఎర్రరంగు ఉన్నదా, మెత్త ఉన్నదా, వీపు ఆనించుకొనే పలక ఉన్నదా అని. భుజాన తాడు వేసుకొనేవాడు కిందినుండి చూస్తాడు. వీపుపలక అంటే అతనికి మరికొంత బరువు. రోజంతా, వాలుకు ఎదురుగా, సముద్రమట్టానికి 2,650 మీటర్ల ఎత్తున, పలుచబడిన గాలిలో మరికొంత బరువు. ఉస్తాద్ బండికి వీపుపలక వేయడు. అడుగుపలకల మధ్య కూడా అవసరం లేనంత కర్రను తీసివేస్తాడు. పూర్తయిన బండిని రెండు వ్రేళ్లతో ఎత్తి చూసి, బరువు తోస్తే మళ్లీ చిత్రిక అందుకొంటాడు. దీనివలన ఆయనకు కలిగిన నష్టం తక్కువ కాదు. రంగు చూసి యాత్రికులు వస్తారని తెలిసిన కుర్రవాళ్లు వేరే కొట్లకు పోతారు. భుజం నొప్పి ఎరిగిన పెద్దవాళ్లు ఇక్కడకు వస్తారు. పెద్దవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు.

మనిషి బరువును మనిషి ఈడ్వడం నిన్నటిది కాదు. చక్రం కన్నా పాతది. ఉత్తరదేశాల బురదనేలలలో దొరికిన కొన్ని బండిపట్టెలు చక్రానికి వేల ఏళ్లు ముందువి. మంచు ఎరుగని చోట కూడా ఈ బండి నడిచింది. మెసపొటేమియాలోని ఊర్ నగరంలో, సుమారు 4,500 ఏళ్ల కిందటి పూఆబీ రాణి సమాధిలో, ఎద్దులు లాగే ఈడ్పుబండి ఒకటి లెనార్డ్ వూలీ తవ్వకాలలో బయటపడింది. ఈజిప్టులో జెహుతిహోటెప్ అనే అధికారి సమాధి గోడమీద ఒక మహావిగ్రహాన్ని ఇటువంటి బండిమీద కట్టి 172 మంది లాగుతున్న చిత్రం ఉన్నది. బండి ముక్కు దగ్గర ఒకడు నిలబడి ఇసుకమీద నీళ్లు పోస్తున్నాడు. అది ఏదో పూజావిధి అని చాలాకాలం అనుకొన్నారు. తగుమాత్రం తడిసిన ఇసుకమీద లాగుడు సగానికి సగం తేలికవుతుందని 2014లో ఆంస్టర్‌డాం భౌతికశాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూపిన తరువాత, ఆ నీళ్లు పోసేవాడు పూజారి కాక పని తెలిసిన మనిషేమో అన్న ఆలోచన బలపడింది. విగ్రహం ఎవరిదో గోడమీద రాసి ఉన్నది. నీళ్లు పోసినవాని పేరు లేదు. తెలుగు రైతుకు ఈ చిత్రం చూపితే దమ్ము చేసిన వరిమడి గుర్తుకువస్తుంది. మడిని చదును చేసే పలకను ఎద్దులు లాగుతుండగా, బరువు కోసం దానిమీద పిల్లలను కూర్చోబెట్టేవారు. నీళ్లమీద, బురదమీద జారిపోయే ఆ పలక కూడా ఒకవిధంగా ఈ బండి చుట్టమే.

స్విట్జర్లండులో ఇదే బండి ఆటవస్తువు అయింది. 1883లో డావోస్ నుండి క్లోస్టర్స్‌కు జరిగిన పందెంలో ఆస్ట్రేలియా నుండి వచ్చిన ఒక విద్యార్థీ, క్లోస్టర్స్ తపాలా బంట్రోతూ సమంగా గమ్యం చేరి గెలుపు పంచుకొన్నారు. ఎవరి బండిని వారే తోలుకొన్నారు. వారిని లాగినది కొండవాలు. గుల్మర్గులో కథ వేరు. అక్కడ వాలు దిగేటప్పుడు మాత్రమే కొండ లాగుతుంది. అప్పుడు లాగేవాడు ముందు కూర్చుని రెండు మడమలూ మంచులో గుచ్చి వేగాన్ని అదుపులో పెడతాడు. ఎక్కేటప్పుడు కొండ పని చేయదు. ఆ పని చేసేవారు చుట్టుపక్కల పల్లెలవారు; వేసవిలో గుర్రాలు నడిపేవారు, తోటలలో కూలికి పోయేవారు.

2023 ఫిబ్రవరిలో గోదావరి జిల్లా నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయన భార్య గుల్మర్గుకు వచ్చారు. చిన్ననాడు దక్షిణభారత హిందీ ప్రచార సభ పరీక్షలు వరుసగా రాసి పట్టుదలతో నేర్చుకొన్న హిందీ మాస్టరుకు కొండమీద అక్కరకు వచ్చింది. తాడు భుజాన వేసుకొని యాభై అయిదేళ్ల మనిషి ఒకడు ఎదురుపడ్డాడు. బండి ఉస్తాద్ కొట్టులోదే. బేరం కుదిరింది. ఆవిడది మోకాళ్లనొప్పి, ఆమె కూర్చున్నది. పక్కన ఇంకొకరికి చోటున్నది. మాస్టరు కూర్చోలేదు.

"మీరూ కూర్చోండి, సాబ్. ఇద్దరిని లాగగలను."

"వద్దు, భాయీ సాబ్. నేను నడిచి వస్తాను."

ఇరవై అడుగులు నడిచేసరికి మాస్టరు మోకాలి దాకా దిగబడ్డారు. లాగేవాడు తాడు కింద పెట్టి, వచ్చి, ఆయనను పైకి తీసి, మళ్లీ పోయి తాడు అందుకొన్నాడు. మరికొంత దూరం పోయాక మళ్లీ అదే పని. మూడవసారి ఆవిడే అన్నది:

"ఏమండీ, మీ దయవల్ల అతనికి పని రెట్టింపయింది. వచ్చి కూర్చోండి."

"తండ్రి వయసువాడిలా కనిపిస్తున్నాడే! మనిషి మెడకు తాడు తగిలించి నేను ఊరేగాలా? నావల్ల కాదు."

మాస్టరుకు అరవై ఆరు. లాగేవాడు ఆయనకన్నా పదేళ్లు పైగా చిన్న. కొండగాలి, ఎండ, ఆ మనిషి ముఖం మీద ఇరవై ఏళ్లు అదనంగా రాసి పెట్టాయి. తెలుగు అతనికి తెలియదు గాని గొంతు తెలిసింది. తాడు వదలకుండానే వెనుకకు తిరిగాడు.

"సాబ్, మీరు నడిస్తే నా బరువు తగ్గుతుంది, నిజమే. నా కూలీ కూడా తగ్గుతుంది. ఈ రెండింటిలో ఏది తగ్గాలో మీరు నన్ను అడగలేదు."

మాస్టరు కూర్చున్నారు. బండి కదిలింది. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. పట్టీల కింద మంచు సన్నగా సద్దు చేస్తున్నది. ఏటవాలు తగ్గిన చోట ఆయనకు తాటిమట్ట జ్ఞాపకం వచ్చింది. ఎండాకాలపు సెలవుల్లో, ఎండి రాలిన తాటిమట్ట మీద ఒకడు కూర్చుంటే మరొకడు కాడ పట్టుకొని ఇసుకదారి వెంట ఈడ్చే ఆట. ఆ ముచ్చటను ఆయన తన పరీక్షల హిందీలో, లింగభేదాలు తడబడుతూ, లాగేవానికి వర్ణించి చెప్పారు. ఆ మనిషి ఆగి, ఊపిరి తీసుకొంటూ, ఆసక్తిగా అడిగాడు:

"మొదట ఎవరు కూర్చునేవారు?"

"అందరికంటే చిన్నవాడు."

"తరువాత?"

"వంతులు. లాగినవాడు కూర్చునేవాడు, కూర్చున్నవాడు లాగేవాడు."

అతడు తల ఊపి తాడు బిగించాడు. దిగిన తరువాత మాస్టరు బేరానికి మించి ఇచ్చారు. అతడు లెక్క చూసుకొని, తీసుకొని, సలాము చేశాడు. ఎక్కువ సొమ్ము తిరిగి ఇచ్చివేసి ఉంటే కథకు శోభగా ఉండేది. కాని ఇంటి దగ్గర తినేవారు ఉన్నారు.

ఆ సాయంత్రం కొట్టు దగ్గర, ఉప్పు వేసిన గులాబిరంగు టీ తాగుతూ, అతడే ఈ సంగతంతా చెప్పి నవ్వించాడు. ఉస్తాద్ కూడా నవ్వాడు గాని ఆయన అడిగినది ఒక్కటే: "ఇద్దరూ ఎక్కిన తరువాత ముక్కు మంచులోకి దిగిందా?"

మరుసటి శీతకాలం మంచు రాలేదు. కాశ్మీరులో డిసెంబరు 21 నుండి 40 రోజులను 'చిల్లయి కలాన్' అంటారు. చలికాలానికి నడిగుండె అది. మధ్యధరా సముద్రం వైపు నుండి వచ్చే తుఫానుగాలులు ఆ రోజులలోనే లోయకు మంచును మోసుకొని రావాలి. 2024 జనవరి సగం గడిచినా గుల్మర్గు మైదానంలో ఎండిన గడ్డి గోధుమరంగున బయటపడి ఉన్నది. 1998లో మొదలైన తీగబండి యాత్రికులను పైకి మోస్తూనే ఉన్నది. పైకి పోయి కిందికి చూస్తే కనిపించినది మన్ను. మంచుబండి లాగేవారు చేతులు ఫెరన్ లోపల పెట్టుకొని బారులుగా నిలబడ్డారు. గడ్డిమీద ఎవరిని లాగగలరు?

కొట్టులో ఆ ఏడు చేసిన బండ్లన్నీ కొట్టులోనే ఉండిపోయాయి. ఇక్కడి వ్యాపారం అరువుమీద నడుస్తుంది. కార్తీకంలో బండి చేసి ఇస్తారు. మంచు పడి, యాత్రికులు ఎక్కి, కూలీ చేతికి వచ్చిన తరువాత, కొంచెం కొంచెంగా బాకీ తీరుతుంది. లాగేవాడు ఉస్తాద్‌కు బాకీ, ఉస్తాద్ అడితికి బాకీ. మేఘం ఎగవేస్తే వరుసగా అందరూ ఎగవేసినవారే అవుతారు. వానకోసం ఎదురుచూసే రాయలసీమ మెట్టరైతుకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మనుషులు తెచ్చిన కష్టాలు వేరే. 2019 ఆగస్టులో యాత్రికులందరూ లోయను విడిచిపోవలసి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దగ్గర 26 మంది ప్రాణాలు తీసిన దాడి తరువాత మళ్లీ యాత్రికులు వెనుదిరిగారు. కాని ఆ కష్టాలకు ఒకరిని నిందించవచ్చు, కోపగించుకోవచ్చు. ఆకాశం మీద కోపగించుకోవడం ఉస్తాద్‌కు చేతకాదు. 2025 ఫిబ్రవరిలో కూడా మంచు చాలక గుల్మర్గులో జరగవలసిన జాతీయ శీతకాల క్రీడలు మార్చికి జరిగాయి.

కాశ్మీరుకు చెందిన ప్రాచీన సంస్కృత గ్రంథం నీలమతపురాణంలో, తొలిమంచు పడిన రోజును పండుగగా జరుపుకోవాలని చెప్పి ఉన్నది. ఆ వేడుక రూపం మారినా వాసన మిగిలింది. తొలిమంచు పడినప్పుడు ఒక ముద్దను పొట్లం కట్టి, ఏదో వస్తువన్నట్టు స్నేహితునికి పంపేవారు. తెలియక పుచ్చుకొన్నవాడు ఓడినట్టు. అతడు విందు పెట్టాలి. ఉస్తాద్ తండ్రి బతికిన రోజులలో అడితివానికీ ఆయనకూ ఈ ఆట ఏటేటా నడిచేది. పండుగ తేదీ పంచాంగంలో ఉండదు. ఆకాశం ఎప్పుడు పెడితే అప్పుడే.

2024 జనవరి ఆఖరు రోజులలో ఆకాశం పెట్టింది. రాత్రి ఎప్పుడో మొదలయింది. చప్పుడు లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. తెల్లవారి కొడుకు తలుపు తెరిచి, "అబ్బాజీ!" అని ఒక్క కేక పెట్టాడు. అక్రోటు కొమ్మలు, రేకుల కప్పు, దారి అంచున పారవేసిన కర్రముక్కల కుప్ప అన్నీ ఒకే రంగున ఉన్నాయి. ఉస్తాద్ గుమ్మంలో నిలబడి, ఒక పిడికెడు మంచు తీసుకొని, నొక్కి, విప్పి చూశాడు. ముద్ద కట్టలేదు, పొడిగా ఉన్నది. మంచిదే.

ఎండ ఎక్కకముందే, మాస్టరును లాగిన ఆ మనిషి వచ్చాడు. పాత బండి నిలువు కర్ర పోయినదట, కొత్తది కావాలి. చేతిలో డబ్బు లేదని అతడు చెప్పలేదు, ఉస్తాద్ అడగలేదు. గోడ దగ్గర నుండి ఒక బండిని కొడుకు తెచ్చి ముంగిట దించాడు. తాడు కట్టారు.

"కూర్చోండి ఉస్తాద్. మీ బండి, మొదట మీరే ఎక్కాలి. వీధి చివరి దాకా లాగుతాను" అన్నాడు వచ్చినవాడు.

"నేను ఎక్కితే నాకేం వినిపిస్తుంది? నువ్వు కూర్చో."

"నేనా?"

"ఎవరో ఒకరి బరువు లేకపోతే చప్పుడు తెలియదు. కూర్చో."

ఆ మనిషి కొంచెంసేపు తటపటాయించాడు. ఇరవై ఏళ్లుగా బండి లాగినవాడే గాని, పలక మీద వెనుకకు జరిగి, చేతులు రెండు పక్కలా పెట్టుకొని, లాగించుకొనేవానివలె కూర్చున్నది ఎన్నడూ లేదు. కాళ్లు ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు. ఉస్తాద్ కాంగ్డీని కొడుకు చేతికి ఇచ్చి, తాడును భుజం మీదుగా తెచ్చుకొని, ముందుకు వంగాడు. మొదటి అడుగుకు బండి కదలలేదు. రెండవ అడుగుకు కదిలింది. ముంగిలి దాటి, అక్రోటు చెట్టు చుట్టూ తిరిగి, దారి అంచు దాకా పోయి ఆయన ఆగాడు. తల ఒక పక్కకు వంచి కొంత తడవు విన్నాడు. మరి నాలుగడుగులు లాగి మళ్లీ విన్నాడు.

"దిగు" అన్నాడు. "ఎడమ పట్టీ పట్టుతున్నది."

బండిని తలకిందులుగా తిప్పి, మంచు తుడిచి, బొటనవ్రేలితో తడుముతూ, ఆకురాయి తెమ్మని కొడుకును కేక వేశాడు.